దాఖలా చూపే చదువు: నేతపేటల చరిత్ర, మన పిల్లల వ్యాసరచన



షోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్ పేట, జోడ్‌భావి పేట, భద్రావతి పేట వైపు కాపురముండే తెలుగువారికి 'దాఖలా' అనే మాట బాగా పరిచయం. మరాఠీలో దాఖలా అంటే బడివారు ఇచ్చే పత్రం. పిల్లవాడు పదో తరగతి దాటి కళాశాల మెట్టెక్కే వేళ, కుల ధ్రువపత్రం కోసం తాతగారి బడి దాఖలా ఎక్కడుందోనని ట్రంకుపెట్టెలు వెతకని ఇల్లు మన పేటల్లో అరుదు. తెలుగులో అదే మాటకు నిదర్శనం, రుజువు అని అర్థం. 'అలా జరిగిన దాఖలాలు లేవు' అంటాం. భాష ఏదైనా ఆ మాట వెనుక ఉన్న ప్రశ్న ఒకటే. నువ్వు చెప్పేదానికి ఆధారం ఏమిటి?

ఈ ప్రశ్న వేసుకోవడం, దానికి జవాబు వెతకడం, వెతికినదాన్ని ఎదుటివాడు ఒప్పుకునేలా రాయడం, ఈ మూడూ కళాశాలకు వెళ్లబోయే మన పిల్లలకు ఎలా నేర్పాలన్నదే ఈ ప్రసంగంలో మీతో చెప్పదలచుకున్న విషయం. అందుకు పాఠ్యపుస్తకంగా మన నేతపేటల చరిత్రనే తీసుకుందాం.

ముందుగా ఇప్పుడు మన పిల్లలు వ్యాసం ఎలా రాస్తున్నారో చూడండి. 'మా ఊరు' అని రాయమంటే, షోలాపూర్ చద్దర్లకు ప్రసిద్ధి అని, సిద్ధేశ్వరుని గుడి చెరువు మధ్య ఉందని, ఊరు అభివృద్ధి చెందుతోందని రాస్తారు. అందులో తప్పు లేదు. కాని అది గైడు నుంచి ఎత్తి రాసిన మాట. రాసినవాడి ప్రశ్న అందులో లేదు, ఆలోచన లేదు. రేపు కళాశాలలో అధ్యాపకుడు 'దీనిపై నీ అభిప్రాయం ఏమిటి, ఎందుకు?' అని అడిగేసరికి ఆ పిల్లవాడికి కలం కదలదు. చదువుకున్న ఇళ్లలో ఈ విద్య భోజనాల దగ్గరే కొంత అబ్బుతుంది. నాన్న రాత్రి పాళీ సాంచాల మీద, అమ్మ పగలంతా బీడీల చేట ముందు గడిపే ఇళ్లలో అది నేర్పే తీరిక ఎవరికుంటుంది? కాబట్టి ఆ బాధ్యత బడిదే.

ఇక విషయానికి వద్దాం. తరగతిలో ఒక చిన్న ప్రశ్న వేయండి. 'మన పెద్దలు షోలాపూర్‌కు ఎందుకు వచ్చారు?' పిల్లల నుంచి మూడు జవాబులు వస్తాయి. కరువు వల్ల వచ్చారని కొందరు, మిల్లుల కోసం వచ్చారని కొందరు, రజాకార్ల భయంతో వచ్చారని మరికొందరు అంటారు. మూడూ ఇళ్లలో విన్న మాటలే. దేన్నీ కొట్టిపారేయనక్కరలేదు, దేన్నీ వెంటనే నమ్మనూ అక్కరలేదు. ఒక్కొక్కదాన్నీ బల్లమీద పెట్టి పరీక్ష చేయడమే పాఠం.

రజాకార్ల మాట చూద్దాం. నిజాం రాష్ట్రంలో ఆ అలజడి 1947, 1948 సంవత్సరాల నాటిది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో అది ముగిసింది. అయితే పూనాలోని గోఖలే సంస్థ పక్షాన ఎన్.ఎం. జోషి గారు బొంబాయి దక్కను పట్టణాల చేతివృత్తుల గురించి ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1936లోనే అచ్చయింది. అందులో షోలాపూర్ చేనేత గురించి ఉంది, పద్మశాలీల గురించి ఉంది. అంటే పోలీసు చర్యకు 12 ఏళ్ల ముందే మనవాళ్లు ఇక్కడ మగ్గాలు నడుపుతున్నారు. బొంబాయి రాజధాని జనాభా లెక్కల సంపుటాల్లో మాతృభాషల పట్టికలుంటాయి. వాటిని తెరిచినా ఇదే తేలుతుంది. కాబట్టి 'అందరూ రజాకార్ల వల్లే వచ్చారు' అన్న వాక్యం నిలవదు. 'కొందరు ఆ రోజుల్లో వచ్చారు' అన్న వాక్యం మాత్రం నిలవవచ్చు. దానికి ఆ కుటుంబాల సాక్ష్యం కావాలి. 'అందరూ' అన్న మాటకూ 'కొందరు' అన్న మాటకూ ఉన్న తేడా తెలుసుకుంటే పిల్లవాడు పరిశోధనలో మొదటి మెట్టు ఎక్కినట్టే.

ఇక కరువు. 1876 నుంచి 1878 వరకు దక్కనును పీల్చి పిప్పి చేసిన కరువు చరిత్రలో స్పష్టంగా నమోదైంది. కాని ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ కరువులో దారుణంగా దెబ్బతిన్న జిల్లాల్లో షోలాపూర్ కూడా ఒకటి. కరువు నుంచి పారిపోయేవాడు మరో కరువు ఊరికి ఎందుకు వస్తాడు? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలు ఒక్క నిమిషం మౌనంగా ఉంటారు. ఆ నిమిషం చాలా విలువైనది. ఆలోచన అక్కడే మొదలవుతుంది. బతకలేక ఊరు విడవడం సగం సంగతి. ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించేది మరేదో ఉండాలి.

ఆ మరేదో ఏమిటని వెతికితే మరికొన్ని సంగతులు బయటపడతాయి. బొంబాయి నుంచి వచ్చే రైలుమార్గం 1860లో షోలాపూర్ చేరింది. నూలు, పత్తి, బట్ట, ఈ మూడు వ్యాపారాలకూ ఊరు కూడలి అయింది. 1870వ దశకంలో మొదటి పెద్ద నూలు మిల్లు వెలసింది. దాన్నే తరువాతివారు 'జునీ మిల్లు' అన్నారు. ఆ తరువాత నర్సింగ్ గిర్జీ, విష్ణు, లక్ష్మీ మిల్లులు వచ్చాయి. ఇది చూసి పిల్లలు 'అయితే మిల్లుల కోసమే వచ్చారు' అంటారు. అదీ పూర్తిగా సరికాదు. మనవాళ్లలో ఎంతోమంది మిల్లు గేటు లోపలికి పోలేదు. ఇంట్లోనో, కార్ఖానాదారు దగ్గరో చేమగ్గం మీద మరాఠీ స్త్రీలు కట్టే చీరలు నేశారు. ఇవాళ ఊరికి పేరు తెచ్చిన చద్దరు కంటే ముందు మన మగ్గాలకు అన్నం పెట్టింది ఆ చీరే. కొనేవాళ్లు దగ్గర, నూలు దగ్గర, రైలు దగ్గర. నేతగాడికి ఇంతకంటే కావలసిందేముంది?

నేతగాళ్ల వలసల గురించి డగ్లస్ హేన్స్, తీర్థంకర్ రాయ్ అనే ఇద్దరు చరిత్రకారులు 1999లో ఒక వ్యాసం ప్రచురించారు. నేతగాళ్లు కష్టం తరిమితేనే కదిలారనుకోవద్దని, అవకాశాన్ని చూసుకుని కూడా కదిలారని వారి వాదం. హేన్స్ 2012లో పశ్చిమ భారతంలోని చిన్న పట్టణాల బట్టల పరిశ్రమ మీద రాసిన పెద్ద పుస్తకంలో షోలాపూర్ పద్మశాలీల ప్రస్తావన ఉంది. మన తాతలను కేవలం దిక్కులేక వచ్చినవాళ్లుగా కాకుండా, లెక్క వేసుకుని దారి ఎంచుకున్న పనివాళ్లుగా చూడవచ్చని ఇలాంటి రచనలు మనకు తెలియజేస్తాయి. 'మీరు బయటివాళ్లు' అన్న మాట ఏదో ఒక రోజు వినవలసివచ్చే పిల్లలకు ఈ తేడా చిన్నది కాదు. కోపంతో ఇచ్చే జవాబు ఆ పూటతో పోతుంది. ఆధారంతో ఇచ్చే జవాబు నిలుస్తుంది.

మరి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? దూరం పోనక్కరలేదు. 1884లో వెలువడిన బొంబాయి రాజధాని గెజెటీరు 20వ సంపుటం మన జిల్లాదే. ఆ గెజెటీర్లు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. బడి ప్రవేశ రిజిస్టర్లలో తండ్రి వృత్తి, పుట్టిన ఊరు రాసి ఉంటాయి. గుడి గోడలమీద దాతల పేర్ల రాళ్లుంటాయి, వాటిమీద సంవత్సరం ఉంటుంది. ఇళ్లలో పాత బాకీ పత్రాలు, పెళ్లి పత్రికలు, సంఘాల వార్షిక నివేదికలు, కార్ఖానా కూలి పుస్తకాలు ఉంటాయి. పాత మరాఠీ కాగితాలు మోడీ లిపిలో ఉండవచ్చు. ఆ లిపి చదివే పెద్దలు ఇంకా అక్కడక్కడ ఉన్నారు, వెతికి పట్టుకోవాలి. సరిహద్దుకు అవతల, పూర్వపు నిజాం రాష్ట్రంలో, సర్కారు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లీషు అని మనం బాధపడుతుంటాం గాని, చరిత్ర వెతికేవాడికి ఇన్ని భాషల మధ్య పెరగడం పెద్ద ఆస్తి. ఒక్క భాష వచ్చినవాడు తెరవలేని పెట్టెలు మన పిల్లలు తెరవగలరు.

కాగితాల తరువాత మనుషులు. ఇంట్లో అవ్వను అడగడం కూడా ఒక విద్యే. 'అవ్వా, మనోళ్లు ఈడికి ఎప్పుడొచ్చిన్రు?' అని అడిగితే 'పెద్ద కరువుల' అని ఆమె ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఏ కరువు? అక్కడ ఆగకుండా, 'అప్పటికి నీ లగ్గమైందా? రైల్ల వచ్చిన్రా, బండ్ల వచ్చిన్రా? ముందుగాల ఎవలింట్ల దిగిన్రు?' అని మెల్లగా అడగాలి. ఆమె చెప్పిన వయసులను బట్టి సంవత్సరం అంచనా కట్టవచ్చు. ఎవరింట్లో దిగారో తెలిస్తే, ముందు వచ్చినవారిని పట్టుకుని వెనుకటివారు వచ్చిన వరుస తెలుస్తుంది. అవ్వ చెప్పింది చెప్పినట్టు ఆమె మాటల్లోనే రాసుకోవాలి. పక్కన తేదీ వేయాలి. తన ఊహ ఏదైనా ఉంటే వేరే రాసుకోవాలి. ఆ తరువాత మరో ఇంటి పెద్దను అదే ప్రశ్న అడిగి, రెండు మాటలూ కలుస్తాయో లేదో చూడాలి. కలవకపోతే కంగారు పడనక్కరలేదు. కలవనిచోటే కొత్త ప్రశ్న పుడుతుంది.

కాగితాలు చెప్పనివి కూడా ఉంటాయి. కండెలు చుట్టింది ఎవరు? ఆసు పోసింది ఎవరు? చాలావరకు ఆడవాళ్లు, పిల్లలు. కూలి పుస్తకంలో మాత్రం మగ్గం మీద కూర్చున్నవాడి పేరొక్కటే ఉంటుంది. పుస్తకంలో పేరు లేదు కాబట్టి పని లేదని రాస్తే అది అన్యాయమైన చరిత్ర అవుతుంది. ఆధారం ఎంత ముఖ్యమో, ఆధారంలో ఎవరు కనబడటం లేదో గమనించడమూ అంతే ముఖ్యం.

ఇలా పోగుచేసినది వ్యాసంగా మారాలంటే వాదం తెలియాలి. వాదం అనగానే మన ఇళ్లలో 'నోరు మూసుకో' అంటారు. వాదమంటే ఎదురు మాట్లాడటం అనుకుంటాం. మన న్యాయశాస్త్రం అలా అనుకోలేదు. అది చర్చను మూడు రకాలుగా విడదీసింది. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి మాట కొట్టివేయడమే పనిగా పెట్టుకునేది వితండం. సెల్‌ఫోనుల్లో కులాల గురించి, భాషల గురించి తిరిగే సందేశాలు చూడండి. వాటిలో జల్పమెంతో, వితండమెంతో మీకే తెలుస్తుంది. మన పిల్లలకు నేర్పవలసింది మొదటిది.

దాని పద్ధతి కూడా ఆ శాస్త్రమే చెప్పింది. కొండమీద నిప్పుంది అనడం ప్రతిజ్ఞ. పొగ కనబడుతోంది కాబట్టి అనడం హేతువు. వంటింట్లో పొగ ఉన్నచోట నిప్పు ఉన్నట్టే అనడం ఉదాహరణ. ఈ కొండమీదా అలాంటి పొగే ఉంది అనడం ఉపనయం. కాబట్టి నిప్పు ఉంది అనడం నిగమనం. పదిహేనేళ్ల పిల్లవాడికి ఈ ఐదు మెట్లు అర్థం కావడానికి అరగంట చాలు. దానికి తోడు పూర్వపక్షం. అంటే నాతో ఏకీభవించనివాడు ఏమంటాడో ముందు నేనే, అతడు మెచ్చుకునేంత న్యాయంగా రాయాలి. ఆ తరువాతే నా సిద్ధాంతం. కరువు గురించి రాసే పిల్లవాడు 'షోలాపూర్‌లోనూ కరువే కదా' అన్న ఆక్షేపణను దాచకుండా రాసి, దానికి జవాబు చెబితే ఆ వ్యాసానికి బలం వస్తుంది. పూర్వపక్షం లేని వ్యాసం పేక లేని పడుగు. పొడవుగా కనబడుతుంది గాని బట్ట కాదు.

ఈ మార్గంలో మనకు దారి చూపిన పెద్దలున్నారు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు 1877లో పుట్టారు. అక్క భండారు అచ్చమాంబ గారి ఇంట ఉండి నాగపూర్‌లో చదువుకున్నారు. మరాఠీలో కూడా వ్యాసాలు రాయగలిగిన తెలుగువాడు ఆయన. తెలుగులో శివాజీ చరిత్రము రాశారు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించినవారిలో ముఖ్యులు. మహారాష్ట్రలో విశ్వనాథ కాశీనాథ రాజవాడే ఊరూరా తిరిగి పాత కాగితాలు పోగుచేసి, 1898 నుంచి మరాఠా చరిత్ర సాధనాలను సంపుటాలుగా అచ్చువేశారు. 1910లో పూనాలో భారత ఇతిహాస సంశోధక మండలం స్థాపించారు. ఇటు హైదరాబాదులో లక్ష్మణరావు గారి పేరిట పరిశోధక మండలి వెలసింది. సరిహద్దుకు రెండు వైపులా ఒకే గాలి వీచింది. ఆ రెండు వైపులకూ చెందిన పిల్లలు మన పిల్లలు.

మరొక ఉదాహరణ చెబుతాను. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒకరు రాశారు. సురవరం ప్రతాపరెడ్డి గారికి బాధ కలిగి ఉండవచ్చు. ఆయన తిట్టుతో జవాబివ్వలేదు. ఊళ్ల నుంచి పద్యాలు, వివరాలు తెప్పించారు. 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక ప్రకటించారు. ఆ తరువాత ఆ మాట అనడానికి ఎవరికీ వీలు లేకపోయింది. ఆధారంతో కూడిన వాదానికి తెలుగులో ఇంతకంటే చక్కని పాఠం నాకు కనబడదు.

మన ఊళ్లోనే ఇంకో అభ్యాసం ఉంది. 1931 జనవరి 12న ఎరవాడ జైలులో మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్ గార్లను ఉరి తీశారని ప్రతి పిల్లవాడికీ తెలుసు. అది జరిగిన సంగతి. దానిమీద వాదం అవసరం లేదు. '1930 మే నెలలో గాంధీజీ అరెస్టు తరువాత దేశమంతటా అలజడి రేగితే, షోలాపూర్‌లో సైనిక శాసనం పెట్టవలసినంత పరిస్థితి ఎందుకు వచ్చింది?' అని అడగండి. అది పరిశోధన ప్రశ్న. సర్కారు ప్రకటన ఒకటి చెబుతుంది. ఆనాటి పత్రికలు ఇంకొకటి చెబుతాయి. మిల్లు కార్మికుల కుటుంబాల జ్ఞాపకం మరొకటి చెబుతుంది. ప్రతి ఒక్కటీ ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెప్పడంలో వారికి లాభం ఏమిటి అని అడగడం నేర్చుకున్న పిల్లవాడు ఏ కళాశాలలోనూ వెనుకబడడు.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక మాట అడుగుతారు. 'ఇదంతా బాగానే ఉంది. దీనివల్ల మార్కులు వస్తాయా? ప్రవేశ పరీక్షల్లో అన్నీ గుర్తు పెట్టే ప్రశ్నలే కదా?' న్యాయమైన ప్రశ్నే. ప్రవేశ పరీక్ష తలుపు తెరుస్తుంది, నిజమే. తలుపు లోపల నిలబడాలంటే చదివింది అర్థం చేసుకుని, తన మాటల్లో రాయగలగాలి. న్యాయశాస్త్రం చదివినా, వైద్యం చదివినా, వాణిజ్యం చదివినా నివేదిక రాయక తప్పదు. బతుకుదెరువులో కూడా ఇది పనికివస్తుంది. షోలాపూర్ చద్దరుకూ, టెర్రీ తువ్వాలుకూ భౌగోళిక గుర్తింపు నమోదైంది. వేరే చోట నేసిన దుప్పటిని ఆ పేరుతో అమ్మకూడదనే రక్షణ అది. 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన ఆ చట్టం కింద దరఖాస్తు చేసేవారు, ఆ వస్తువు ఆ ఊరిదేనని చారిత్రక ఆధారాలతో చూపించాలి. అంటే ఏమిటి? మన చద్దరు హక్కును నిలబెట్టేది ఒక పరిశోధనా వ్యాసమే అన్నమాట. అలాంటిది రాయగల పిల్లలు మన పేటల నుంచే రావద్దా?

ఇంకొందరు పెద్దలకు వేరే భయం. పాతవి తవ్వితే మన గురించి చెడు కూడా బయటపడుతుంది కదా అని. బయటపడుతుంది. కార్ఖానాదారుకూ కూలికీ మధ్య తగాదాలు బయటపడతాయి. అప్పుల కథలు బయటపడతాయి. మంచి మాత్రమే ఏరి రాస్తే అది సన్మానపత్రం అవుతుంది గాని చరిత్ర కాదు. పెద్దల మాటను పరీక్షించడం పెద్దలను అవమానించడం కాదు. నేతగాడు బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తాడు. బట్టమీద కోపంతో చూడడు, పోగు ఎక్కడ తెగిందో తెలియడానికి చూస్తాడు.

శ్రోతలారా! పాత మిల్లుల సైరన్లు ఆగిపోయి చాలా కాలమైంది. చేమగ్గం మీద చీర నేసిన తరం దాదాపు వెళ్లిపోయింది. ఇల్లు మార్చిన ప్రతిసారీ, దీపావళికి సున్నం వేసిన ప్రతిసారీ, కొన్ని కాగితాలు రద్దీవాడి తూకంలోకి పోతున్నాయి. కిలో లెక్కన అమ్ముడుపోయిన కూలి పుస్తకాన్ని ఏ విశ్వవిద్యాలయమూ తిరిగి తెచ్చి ఇవ్వలేదు. అందుకని మీకు కొన్ని చిన్న మనవులు. పాత కాగితం అమ్మేముందు మీ ఇంట్లో చదువుకునే పిల్లకు ఒకసారి చూపించండి. పాత ఫోటోల వెనుక పేర్లు, ఊరు, సంవత్సరం పెన్సిలుతో రాయండి. ఇంటి పెద్దల దగ్గర ఆదివారం ఒక గంట పిల్లలను కూర్చోబెట్టండి. చెప్పింది విని రాసుకోమనండి. ఉపాధ్యాయ మిత్రులు ఏడాదికి ఒక్క వ్యాసమైనా గైడులో దొరకని ప్రశ్నమీద రాయించండి. తెలుగులో రాసినా, మరాఠీలో రాసినా, ఇంగ్లీషులో రాసినా సరే. ప్రతి వాక్యం పక్కన 'దీనికి దాఖలా ఏది?' అని ఎర్ర సిరాతో అడగండి.

కొన్నాళ్లకు ఆ ప్రశ్న మనం అడగనక్కరలేదు. పిల్లలే తమను తాము అడుగుకుంటారు. మనల్ని కూడా అడుగుతారు. అడిగినప్పుడు విసుక్కోకండి. చదువు ఒంటబట్టిందని సంతోషించండి.